రెండో కుర్చీ ఎవరికి?

అమెరికా ఎన్నికల మీద పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలు ఎక్కువగా ఒకే విషయం చుట్టూ తిరిగాయి. అధ్యక్ష అభ్యర్థిత్వం కోసం ప్రైమరీల్లో, అంటే పార్టీ లోపలి ఎన్నికల్లో, ఒకే పార్టీవాళ్లు నెలల తరబడి ఒకరినొకరు తిట్టుకున్నాక, గెలిచినవాళ్లు ఉపాధ్యక్ష అభ్యర్థిగా ఎవరిని తీసుకోవాలి? ఓడిన ప్రత్యర్థినా, మూడో మనిషినా? నేను ముప్పై ఏళ్లకు పైగా ఒహాయో రాష్ట్రంలో కొలంబస్‌లో ఉంటున్నాను. 2008లో డెమోక్రాట్ల అభ్యర్థిత్వానికి ఒబామాతో పోటీపడిన హిల్లరీ క్లింటన్ కోసం చలిలో ఇల్లిల్లూ తిరిగాను. నాకు ఇది ఎక్కడో చదివి తెలుసుకున్న విషయం కాదు, మా ఇంట్లో జరిగిన విషయం.

ప్రశ్న: ప్రైమరీల్లో ఓడినవాళ్లకు అన్ని ఓట్లు వచ్చాక ఉపాధ్యక్ష పదవి వాళ్ల హక్కే కదండీ? 2008లో ఒబామా హిల్లరీని పక్కన పెట్టడం అన్యాయం కాదా?
— ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: అమ్మా, ఆ ఏడాది ఆగస్టులో ఈ ప్రశ్న అడిగి ఉంటే నేను "ముమ్మాటికీ అన్యాయమే" అని ఉండేదాన్ని.

మా ఒహాయో ప్రైమరీ మార్చి 4న జరిగింది. ఫిబ్రవరిలో ప్రతి శనివారం ఒక చేత్తో ఓటర్ల జాబితా, ఇంకో చేత్తో కరపత్రాలు పట్టుకుని తిరిగాను. కొందరు తలుపు తీసి కాఫీ తాగి వెళ్లమనేవారు, కొందరు మొహం మీదే తలుపు వేసేవారు. మా అమ్మాయి అప్పుడు కాలేజీలో ఉంది, ఒబామా వైపు. వారాంతం ఇంటికొస్తే భోజనాల బల్ల దగ్గర మాకు మాటా మాటా పెరిగేది. "నీకు అనుభవం విలువ తెలియదు" అని నేను, "నీకు మార్పు అంటే భయం" అని తను. ఒహాయో హిల్లరీ గెలిచారు. కానీ జూన్ 3తో ప్రైమరీలు ముగిసేసరికి డెలిగేట్ల, అంటే అభ్యర్థికి ఓటేసే పార్టీ ప్రతినిధుల, లెక్క ఒబామా వైపు తేలిపోయింది. జూన్ 7న వాషింగ్టన్‌లో ఆవిడ తప్పుకుంటున్నానని చెబుతూ, తనకు ఓటేసిన కోటీ 80 లక్షల మందిని తలుచుకున్నప్పుడు ఆ లెక్కలో నేనూ ఉన్నానని ఏడ్చాను.

ఆ తర్వాత రెండున్నర నెలలు ఒకే ఆశ: కనీసం ఉపాధ్యక్ష పదవికైనా ఆవిడను తీసుకుంటారని. ఎవరిని ఎంచుకున్నదీ ఫోన్ సందేశంతో ముందుగా అభిమానులకే చెబుతామని ఒబామా ప్రచారంవాళ్లు ప్రకటించారు. మా అమ్మాయి తన నంబరు ఇచ్చింది. ఆగస్టు 23, శనివారం, తెల్లవారుజామున మూడు గంటలకు ఆ సందేశం వచ్చింది. నాకు నిద్ర పట్టక మెలకువగానే ఉన్నాను. తను నా గది తలుపు దగ్గర నిలబడి "అమ్మా, బైడెన్" అంది. అంతే, ఇంకేమీ అనలేదు. తెల్లవారుజామున మూడు గంటలకు వైట్‌హౌస్‌లో ఫోన్ మోగితే ఎవరు ఎత్తాలి అని హిల్లరీ మా ప్రైమరీకి ముందు టీవీలో ఒక ప్రకటన ఇచ్చారు. అదే వేళకు ఈ వార్త రావడం నాకు ముల్లులా గుచ్చుకుంది.

ఇప్పుడు అడిగితే మాత్రం, ఒబామా చేసింది సరైనదేనంటాను. ఓట్లు వేసినవాళ్లం అభ్యర్థికి వేశాం. ఆ ఓట్లు చూపించి రెండో కుర్చీ ఇవ్వమని అడిగే హక్కు ఎక్కడా రాసి లేదు. ఉపాధ్యక్షుడు అధ్యక్షుడితో రోజూ ఒకే గదిలో కూర్చుని, లోపల కాదన్నా బయట ఔననాల్సిన మనిషి. జనవరి నుంచి జూన్ వరకు "ఈయనకు ఆ పదవికి తగిన అనుభవం లేదు" అని చెప్పిన మనిషి, ఆవిడ వెనుక మాజీ అధ్యక్షుడైన భర్త బిల్ క్లింటన్. అప్పుడు వైట్‌హౌస్‌లో మాట ఎవరిదో తెలియకుండా పోయేది. బైడెన్ కూడా ఆ ప్రైమరీల్లో పోటీ చేసినవారే. మొదట ఓటేసిన అయోవాలో ఒక్క శాతం కూడా రాకపోయేసరికి జనవరి 3 రాత్రే తప్పుకున్నారు. అందుకని పోటీదారైనా గాయాలు లేవు. సెనేట్ విదేశాంగ కమిటీ అధ్యక్షుడు, పెన్సిల్వేనియాలోని స్క్రాంటన్‌లో పుట్టినవాడు. హిల్లరీకి ఓటేసిన కార్మిక కుటుంబాలు ఏ భాష మాట్లాడతాయో ఆయనకు తెలుసు. ఒబామాకు లేనిది బైడెన్ తెచ్చారు. హిల్లరీకి తర్వాత విదేశాంగ మంత్రి పదవి ఇచ్చారు. నా దృష్టిలో ఉపాధ్యక్ష పదవి కంటే అదే ఆవిడ శక్తికి తగిన పని.

మీరు "పక్కన పెట్టడం" అన్నారు చూడండి, అసలు నొప్పి అక్కడే ఉందమ్మా. పదవి ఇవ్వకపోవడం వేరు, మనిషిని లెక్కలోంచి తీసేయడం వేరు. కింది ప్రశ్నల్లో ఆ సంగతే మళ్లీ వస్తుంది.

ప్రశ్న: ప్రత్యర్థినే ఉపాధ్యక్ష అభ్యర్థిగా తీసుకుని గెలిచినవాళ్లు ఉన్నారా?
— ఇద్దరు పాఠకులు అడిగారు

జవాబు: ఉన్నారు. అందులో రెండు కథలు మరిచిపోలేనివి.

1960 జూలైలో లాస్ ఏంజెలెస్‌లో డెమోక్రాట్ల కన్వెన్షన్, అంటే అభ్యర్థిని తేల్చే పార్టీ మహాసభ, జరిగింది. జాన్ కెనెడీ నామినేషన్ (పార్టీ అభ్యర్థిత్వం) గెలిచారు, సెనేట్‌లో మెజారిటీ నాయకుడు లిండన్ జాన్సన్ రెండో స్థానంలో నిలిచారు. కన్వెన్షన్‌కు ముందు జాన్సన్ మనుషులు కెనెడీకి అడిసన్స్ అనే గ్రంథుల జబ్బు ఉందని విలేకరుల ముందే చెప్పారు. అంత దూరం వెళ్లింది పోటీ. అయినా నామినేషన్ గెలిచిన మర్నాడు పొద్దున్నే కెనెడీ జాన్సన్ గదికి వెళ్లి ఉపాధ్యక్ష అభ్యర్థిగా రమ్మన్నారు. కార్మిక సంఘాలవాళ్లు మండిపడ్డారు. తమ్ముడు రాబర్ట్ కెనెడీ అదే రోజు ఒకటికి రెండుసార్లు జాన్సన్ దగ్గరికి వెళ్లి తప్పుకోమని నచ్చజెప్పబోయారు. ఆయన వినలేదు. జాన్సన్ ఆ మాటను బతికినన్నాళ్లూ మరిచిపోలేదు.

ఎన్నికల ఫలితం చూడండి. దేశం మొత్తం మీద కెనెడీకి వచ్చిన ఆధిక్యం సుమారు 1.1 లక్షల ఓట్లు. అప్పుడు టెక్సాస్‌కు 24 ఎలక్టోరల్ ఓట్లు (అధ్యక్షుడిని ఎన్నుకునే రాష్ట్ర ప్రతినిధులైన ఎలక్టర్ల ఓట్లు) ఉన్నాయి, అక్కడ గెలుపు తేడా 50 వేల లోపే. జాన్సన్ టెక్సాస్ మనిషి. రైల్లో దక్షిణాది అంతా తిరిగి, ఊరూరా ఆగి మాట్లాడారు. ఆయన లేకుండా కెనెడీ టెక్సాస్ గెలిచేవారని నేను అనుకోను. కానీ గెలిచాక జాన్సన్‌కు పెద్దగా పని ఇవ్వలేదు. కెనెడీ మనుషులు ఆయన్ను దూరంగానే ఉంచారు. 1963 నవంబరు 22న డాలస్‌లో కెనెడీ హత్య జరిగాక, దూరంగా ఉంచిన ఆ మనిషే విమానంలో అధ్యక్షుడిగా ప్రమాణం చేయాల్సివచ్చింది. ఉపాధ్యక్షుడిని ఓట్ల కోసం మాత్రమే ఎంచుకోకూడదని నేను గట్టిగా నమ్మడానికి ఈ కథే కారణం.

రెండోది 1980, రిపబ్లికన్ల కథ. రొనాల్డ్ రీగన్‌కు పోటీగా అయోవాలో జార్జ్ హెర్బర్ట్ వాకర్ బుష్ గెలిచేసరికి రీగన్ శిబిరం కంగుతింది. ఏప్రిల్‌లో బుష్, రీగన్ పన్నుల పథకాన్ని "వూడూ ఆర్థిక విధానం" అన్నారు, అంటే చేతబడి లెక్కలని. మే చివరిదాకా పోరాడి తప్పుకున్నారు. జూలైలో డెట్రాయిట్ కన్వెన్షన్ నాటికి రీగన్ మనసు మాజీ అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ మీద ఉంది. బేరాలు నడుస్తుండగానే ఫోర్డ్ టీవీలో పేరున్న వార్తల వ్యాఖ్యాత వాల్టర్ క్రాంకైట్‌తో మాట్లాడారు. అది ఇద్దరు అధ్యక్షుల పాలనలాగా ఉంటుందా అని క్రాంకైట్ అడిగారు, ఫోర్డ్ కొట్టిపారేయలేదు. ఆ సంభాషణ చూసి రీగన్ ఉలిక్కిపడ్డారు. ఆ రాత్రే బేరం విరిగింది. బాగా పొద్దుపోయాక రీగన్ బుష్‌కు ఫోన్ చేసి ఒకటే అడిగారు: పార్టీ ప్రణాళికను పూర్తిగా సమర్థిస్తారా? సమర్థిస్తానన్నారు బుష్.

ఆ ఒప్పుకోలు తర్వాత రీగన్ చేసినవి నాకు నచ్చుతాయి. బుష్ ప్రచారాన్ని నడిపిన జేమ్స్ బేకర్‌ను వైట్‌హౌస్ ముఖ్య అధికారిగా పెట్టుకున్నారు. ఓడిన శిబిరంలోని సమర్థుడికి తన ఇంటి తాళాలు ఇవ్వడమే అది. బుష్‌తో ప్రతి గురువారం కలిసి భోజనం చేసేవారు. ఆ ఎనిమిదేళ్లలో బుష్ బయట తేడాగా మాట్లాడింది చాలా అరుదు. ఆ "వూడూ" మాట ఎంతమంది గుర్తు చేసినా బంధం చెడలేదు.

ప్రశ్న: ఓడినవాళ్లను తీసుకోకపోతే కనీసం ముందుగా చెప్పాలా? రాజకీయాల్లో ఇవన్నీ పట్టించుకుంటారా?
— ఒక పాఠకుడు, షికాగో

జవాబు: పట్టించుకోవాలి. మీ షికాగో మనిషికే జరిగింది చెబుతాను.

1988లో జెస్సీ జాక్సన్ డెమోక్రాట్ల ప్రైమరీల్లో రెండో స్థానంలో నిలిచారు. దాదాపు 70 లక్షల ఓట్లు. మిచిగాన్‌లో గెలిచినప్పుడు దేశమంతా ఆశ్చర్యపోయింది. నామినేషన్ గెలిచిన మైకేల్ డుకాకిస్ టెక్సాస్ సెనేటర్ లాయిడ్ బెంట్సన్‌ను ఎంచుకున్నారు. కెనెడీలాగే డుకాకిస్‌ది మసాచుసెట్స్, జాన్సన్‌లాగే బెంట్సన్‌ది టెక్సాస్, 1960 లెక్కే మళ్లీ. ఎంపికలో తప్పు పట్టడానికి లేదు. కానీ ఆ వార్త జాక్సన్‌కు డుకాకిస్ నోటి నుంచి రాలేదు. విమానాశ్రయంలో ఒక విలేకరి అడిగితే తెలిసింది. డుకాకిస్ ఫోన్ వేళకు అందలేదు.

ఒక్క ఫోన్, అదీ కొన్ని గంటల తేడా. కానీ జాక్సన్ కోసం బస్సుల్లో తిరిగి, జీవితంలో మొదటిసారి ఓటరుగా పేరు నమోదు చేసుకున్న మనుషులను తలుచుకోండి. వాళ్లకు అది ఒక్క ఫోన్ కాదు. వాళ్ల నాయకుడికే కబురు చెప్పలేదంటే తమ కష్టం ఎవరికీ కనిపించలేదనే కదా అర్థం. అట్లాంటాలో కన్వెన్షన్ మొదలయ్యే రోజు ముగ్గురూ కూర్చుని మాట్లాడుకుని, కలిసి విలేకరుల ముందుకొచ్చారు. మర్నాడు రాత్రి జాక్సన్ గొప్ప ప్రసంగం చేశారు. అప్పటికి వారం రోజులు పోయాయి, ఆ వారమంతా పత్రికల్లో అలకలే. నవంబరులో డుకాకిస్ 40 రాష్ట్రాలు ఓడిపోయారు. ఫోన్ వల్ల ఓడారని చెప్పను, అది అబద్ధమవుతుంది. కానీ అభ్యర్థికి ఆ వారం తిరిగి రాలేదు.

ప్రశ్న: అధ్యక్ష, ఉపాధ్యక్ష అభ్యర్థులిద్దరూ ఒకే రాష్ట్రంవాళ్లైతే కుదరదంటారు. నిజమేనా?
— డిగ్రీ విద్యార్థిని, టెక్సాస్

జవాబు: పోటీకి అడ్డు లేదమ్మా. 1804లో వచ్చిన 12వ రాజ్యాంగ సవరణ ప్రకారం ఒక రాష్ట్రపు ఎలక్టర్లు తమ రెండు ఓట్లూ (అధ్యక్షుడికి ఒకటి, ఉపాధ్యక్షుడికి ఒకటి) తమ రాష్ట్రంవాళ్లకే వేయకూడదు. అంటే ఆ ఒక్క రాష్ట్రపు ఓట్లే ఇబ్బంది. 2000లో ఉపాధ్యక్ష అభ్యర్థి డిక్ చెనీ టెక్సాస్‌లో ఉంటున్నారు, అధ్యక్ష అభ్యర్థి జార్జ్ డబ్ల్యూ బుష్ (పైన చెప్పిన బుష్ కొడుకు) కూడా టెక్సాస్. అందుకని చెనీ పేరు ప్రకటించే కొద్ది రోజుల ముందు తన ఓటును వయోమింగ్‌కు మార్చుకున్నారు. టెక్సాస్ ఎలక్టర్ల ఓట్లు పోతే చెనీకి మెజారిటీ వచ్చేది కాదు.

ప్రశ్న: 2016 ప్రైమరీల్లో నేను హిల్లరీకి పోటీగా నిలబడ్డ బెర్నీ శాండర్స్ కోసం పనిచేశాను. హిల్లరీ ఉపాధ్యక్ష అభ్యర్థిగా టిమ్ కెయిన్‌ను ఎంచుకున్నాక విసుగొచ్చి నవంబరులో ఓటు వేయలేదు. మా అన్నయ్య ఇప్పటికీ నన్ను దెప్పుతాడు. నేను చేసింది తప్పా? మీరు హిల్లరీ అభిమాని అని తెలిసే అడుగుతున్నాను.
— ఒక పాఠకుడు, విస్కాన్సిన్

జవాబు: అంత తెలిసీ నన్నే అడిగారు. దాచకుండా చెబుతాను.

మీ కోపానికి కారణం ఉంది. శాండర్స్ 22 రాష్ట్రాలు గెలిచారు, అందులో మీ విస్కాన్సిన్ ఒకటి, మిచిగాన్ ఒకటి. మీరంతా ఏడాది పొడుగునా మాట్లాడింది వాణిజ్య ఒప్పందాల గురించి, మూతపడ్డ ఫ్యాక్టరీల గురించి. కెయిన్ మంచి మనిషి, వర్జీనియా గవర్నరుగా చేసినవారు, స్పానిష్ బాగా మాట్లాడతారు. కానీ పసిఫిక్ వాణిజ్య ఒప్పందం గురించి ఎంపికకు ముందు రోజుల్లో కూడా మంచిగానే మాట్లాడి, ఎంపికయ్యాక వ్యతిరేకం అన్నారు. పైగా జూలై 22న, ఆయన పేరు ప్రకటించిన రోజే, పార్టీ జాతీయ కమిటీ ఈమెయిళ్లు రహస్య పత్రాలు బయటపెట్టే వికీలీక్స్ వెబ్‌సైటులో బయటికొచ్చాయి. శాండర్స్ గురించి కమిటీలోపలి మనుషులు చులకనగా రాసుకున్నవి అందరూ చదివారు. రెండు రోజులకే కమిటీ అధ్యక్షురాలు రాజీనామా ప్రకటించారు. మీ గొంతు వినిపించే మనిషి జోడీలో లేడు, అప్పుడే ఆ ఈమెయిళ్లు వచ్చాయి. నాకు ఎంతో ఇష్టమైన నాయకురాలే, అయినా ఆ ఎంపికలో ఆవిడ మీవైపు చూడలేదని నేను ఒప్పుకుంటాను.

ఇక మీ ఓటు. విస్కాన్సిన్, మిచిగాన్, పెన్సిల్వేనియా మూడూ కలిపి ఆవిడ 80 వేల లోపు ఓట్ల తేడాతో పోగొట్టుకున్నారు. అందుకని మీరు ఇంట్లో కూర్చోవడం తప్పేనని నా అభిప్రాయం. శాండర్స్ స్వయంగా ఆవిడకు ఓటేయమని ఊరూరా తిరిగి అడిగారు. ఆయన మాట విని ఏడాది పనిచేసిన మీరు ఆ చివరి మాట కూడా విని ఉండాల్సింది. అలాగని మీ అన్నయ్య ఇన్నేళ్లు దెప్పడం కూడా సరికాదు. ఓటు అడగడం అభ్యర్థి పని, పడని ఓటుకు మొదటి జవాబుదారీ అభ్యర్థిదే. ఈ జవాబు మీ అన్నయ్యకు కూడా చూపించండి.

ప్రశ్న: పేరు ప్రకటించే ముందు అంత లోతుగా ఎందుకు పరిశీలిస్తారు? ఏళ్ల తరబడి రాజకీయాల్లో ఉన్నవాళ్లే కదా.
— పేరు రాయలేదు

జవాబు: 1972 వల్ల. జార్జ్ మెక్‌గవర్న్ డెమోక్రాట్ల నామినేషన్ కోసం కన్వెన్షన్ దాకా కొట్లాడాల్సివచ్చింది. కాలిఫోర్నియా డెలిగేట్ల గొడవ అక్కడికి వెళ్లాకే తేలింది. గెలిచాక ఉపాధ్యక్ష అభ్యర్థి కోసం అడిగినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు కాదన్నారు. నిద్రలేని మనుషులు గడియారం చూసుకుంటూ మిస్సోరి సెనేటర్ థామస్ ఈగిల్టన్‌ను ఖాయం చేశారు. ఆయన గతంలో డిప్రెషన్‌కు ఆసుపత్రిలో చేరి కరెంటు షాక్ చికిత్స తీసుకున్నారన్నది తర్వాత బయటపడింది. మెక్‌గవర్న్ ముందు "వెయ్యి శాతం" ఆయన వెంటే ఉన్నానని చెప్పి, ఆ తర్వాత తప్పించారు. జోడీ 18 రోజులు నిలిచింది.

ఇక్కడ నా మనసు ఈగిల్టన్ వైపే ఉంటుంది. జబ్బు చేసి, చికిత్స చేయించుకుని, కోలుకుని పనిచేస్తున్న మనిషి ఆయన. ఆ తర్వాత కూడా సెనేట్‌లో ఏళ్ల తరబడి బాగా పనిచేశారు. ముందే తీరిగ్గా అడిగి తెలుసుకుని ఉంటే, ఇష్టమైతే తీసుకుని ధైర్యంగా నిలబడేవారు, లేదంటే ఆ మనిషి పరువు బజారున పడకుండా ఉండేది.

ప్రశ్న: 2024లో నిక్కీ హేలీని ట్రంప్ ఎందుకు తీసుకోలేదు?
— ఒక పాఠకుడు, అట్లాంటా

జవాబు: రిపబ్లికన్ ప్రైమరీల్లో ట్రంప్‌కు ఆఖరి ప్రత్యర్థిగా నిలిచింది ఆవిడే, వెర్మాంట్, వాషింగ్టన్ నగరం గెలిచారు. ట్రంప్ మానసిక సామర్థ్యాన్ని ప్రశ్నించారు. మే నెలలోనే ట్రంప్ ఆవిడ పేరు పరిశీలనలో లేదని తేల్చేశారు. జూలై 15న మిల్వాకీలో జేడీ వాన్స్ పేరు ప్రకటించారు. పార్టీలో అప్పటికి పెద్ద మెజారిటీ ఆయన వెంటే ఉంది కాబట్టి ఓడినవాళ్లతో రాజీ అవసరం ఆయనకు కనిపించలేదు. వాన్స్ కూడా 2016లో ట్రంప్‌ను గట్టిగా విమర్శించినవారే. కానీ ఆ తర్వాత పూర్తిగా ఆయన వైపు వచ్చేశారు. ఇక్కడ విమర్శ అడ్డు కాలేదు, ఆ తర్వాత ఎటు నిలబడ్డారన్నదే చూశారు.

ప్రశ్న: మీరు పోయిన సంచికలో 2008 ప్రైమరీ గురించి రాస్తూ, మీ అమ్మాయికీ మీకూ కొన్నాళ్లు మాటల్లేవన్నారు. మళ్లీ ఎలా కలిశారు? మా ఇంట్లో కూడా అలాగే ఉంది.
— ఒక తల్లి, వర్జీనియా

జవాబు: బైడెన్ పేరు విన్న ఆ తెల్లవారుజామున మొదలై నాలుగు రోజులు మాకు మాటల్లేవు. తను సామాను సర్దుకుని కాలేజీకి వెళ్లిపోయింది. వెళ్లేముందు నా చేయి పట్టుకోబోతే నేనే వెనక్కి తీసుకున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

ఆగస్టు 26, మంగళవారం రాత్రి డెన్వర్‌లో పార్టీ కన్వెన్షన్‌లో హిల్లరీ మాట్లాడారు. మీరంతా ఈ ప్రచారంలోకి వచ్చింది నా ఒక్కదాని కోసమేనా అని మమ్మల్నే సూటిగా అడిగారు. వైద్యం అందని తల్లి గురించి, యుద్ధం నుంచి వచ్చిన సైనికుడి గురించి చెప్పి, వాళ్ల కోసం కాదా అన్నారు. నాకు మనసు కొంచెం మెత్తబడింది, పూర్తిగా కాదు.

మర్నాడు సాయంత్రం వంటింట్లో ఉన్నాను, టీవీలో రాష్ట్రాలవారీగా డెలిగేట్ల ఓట్లు చదువుతున్నారు. ఆవిడ పేరు కూడా నామినేషన్‌లో ఉంది, ఆవిడకూ ఓట్లు పడుతున్నాయి, ఒక్కో రాష్ట్రం మైకులో గట్టిగా చెబుతోంది. నాకు కావలసింది అదేనని అప్పుడు తెలిసింది. మా ఓట్లు అందరి ముందూ పైకి చదవాలి, అంతే. న్యూ మెక్సికో తన వంతును ఒబామా రాష్ట్రమైన ఇల్లినాయ్‌కి ఇచ్చేసింది, ఇల్లినాయ్ హిల్లరీ రాష్ట్రమైన న్యూయార్క్‌కు ఇచ్చింది. జనం మధ్యలోంచి హిల్లరీ వచ్చి మైకు ముందు నిలబడి, ఇక లెక్క ఆపి ఒబామాను ఏకగ్రీవంగా ప్రకటించాలని తానే ప్రతిపాదించారు. హాలంతా ఔనని అరిచింది.

పొయ్యి కట్టేసి అమ్మాయికి ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తింది. తను కూడా చూస్తోంది, ఏడుస్తోంది. "అమ్మా, ఆవిడ ఎంత గొప్పగా చేసింది" అంది. ఆరు నెలల్లో తను ఆవిడ గురించి మంచిగా అన్న మొదటి మాట అది. "మీ ఆయన మా ఆవిడను బాగా చూసుకోవాలి" అన్నాను. ఇద్దరం నవ్వాం.

మీ ఇంట్లో ఎవరు ఎటువైపో మీరు రాయలేదు. మీ వైపువాళ్లు గెలిచి ఉంటే, ముందు ఫోన్ మీరే చేయండి. ఓడిన అభ్యర్థి ఎందుకు నచ్చారో పిల్లలను అడిగి, మధ్యలో ఆపకుండా వినండి. మీ వైపువాళ్లు ఓడి ఉంటే కొంచెం టైమ్ తీసుకోండి. కానీ చేయి మాత్రం వెనక్కి తీసుకోకండి.

సెప్టెంబరులో అమ్మాయి ఇంటికొచ్చి ఒబామా, బైడెన్ పేర్లున్న బోర్డు మా పచ్చిక ముందు పాతింది. దాని పక్కనే నా పాత హిల్లరీ బోర్డు ఇంకా ఉంది. తీసేయనా అని అడిగితే ఉండనీ అన్నాను. నవంబరు దాకా రెండూ పక్కపక్కనే ఉన్నాయి.